రెండు పగళ్లు, ఒక రాత్రి: హైదరాబాద్ వెళ్లే కుటుంబానికి ఏ హోటల్ సరిపోతుంది?

కాకినాడలోనో తిరుపతిలోనో శుక్రవారం రాత్రి రైలెక్కితే శనివారం తెల్లారేసరికి హైదరాబాద్. ఆదివారం రాత్రి మళ్లీ రైలు. పిల్లల బడి పోదు, పెద్దల సెలవులు ఖర్చు కావు. చార్మినార్, గోల్కొండ, రామోజీ ఫిల్మ్ సిటీ చూడ్డానికి వచ్చే చాలా కుటుంబాలు ఈ లెక్కలోనే వస్తాయి. హోటల్ వెతికేటప్పుడు మొదట అడిగే మాట ‘రోజుకి ఎంత?’ అని. ఆ ‘రోజు’ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో మాత్రం లగేజీతో రిసెప్షన్ ముందు నిలబడ్డాక గానీ తెలియదు.

భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ. ఐదుగురు. శనివారం ఉదయం 6 గంటలకు దిగి, ఆదివారం రాత్రి 9 గంటలకు రైలెక్కుతారనుకుంటే నగరంలో ఉండేది 39 గంటలు. హోటళ్ల లెక్కలో ఒక రోజంటే సాధారణంగా మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 11 దాకా, అంటే 23 గంటలు. ముందు 6 గంటలు, వెనక 10 గంటలు గది లేకుండా గడవాలి. ఈ రెండూ ఒకటి కావు. వెనకాల 10 గంటల్లో కావలసింది లగేజీ పెట్టుకునే చోటు మాత్రమే. ముందున్న 6 గంటల్లోనే ఐదుగురికీ బాత్రూమ్ కావాలి, స్నానాలు కావాలి, రాత్రంతా సరిగ్గా నిద్రపోని పిల్లవాడికి గంటసేపు నడుం వాల్చే చోటు కావాలి. డబ్బు ఖర్చు పెట్టదగ్గది ఆ ఉదయం మీద. గది ఎంత పెద్దది, టీవీ ఎన్ని అంగుళాలు అన్నవి ఆ తర్వాతి సంగతి.

తెల్లవారుజామున దిగేవాళ్లకి ఉన్న దారులు

నాంపల్లి, కాచిగూడ, సికింద్రాబాద్ స్టేషన్ల చుట్టుపక్కల పాత లాడ్జిల్లో ఇప్పటికీ కొన్నిచోట్ల 24 గంటల పద్ధతి ఉంది. ఎన్నింటికి దిగితే మర్నాడు అన్నింటికే ఖాళీ చేయాలి. ఉదయం 6కి గది చేతికొస్తుంది, బాగానే ఉంది. ఆదివారం ఉదయం 6కి పిల్లల్ని లేపి బయల్దేరాలన్న సంగతి చాలామందికి ఆ రాత్రి పడుకునేటప్పుడు గుర్తొస్తుంది. కాబట్టి ఫోన్‌లోనే రెండు మాటలు అడగాలి: ఖాళీ చేసే టైము దాటితే ఎంతసేపు ఊరుకుంటారు, ఆ తర్వాత సగం రోజు అద్దె తీసుకుంటారా, పూర్తి రోజుదా? సగం రోజు అద్దె అయితే 24 గంటల లాడ్జి ఇలాంటి ప్రయాణానికి చక్కగా సరిపోతుంది. అద్దె రూ.2,000 అయితే రూ.3,000కి ఆదివారం ఉదయం తాపీగా గడుస్తుంది. పూర్తి రోజుకి కట్టమంటే రూ.4,000. ఆ డబ్బుతో అంతకన్నా మంచి గదే దొరుకుతుంది.

మామూలు హోటళ్లలో ‘ఎర్లీ చెకిన్, ఖాళీని బట్టి’ అని రాసి ఉంటుంది. శనివారం ఉదయం 6కి గది ఖాళీగా ఉండాలంటే అది శుక్రవారం రాత్రి అమ్ముడుపోకుండా మిగిలి ఉండాలి. దిగిన అతిథి 11 దాకా ఖాళీ చేయడు, ఆపైన దుప్పట్లు మార్చి, బాత్రూమ్ కడగడానికి ఇంకో అరగంట. అందుకే బుకింగ్ యాప్‌లో ‘ఎర్లీ చెకిన్ కావాలి’ అన్న గడిలో టిక్ పెట్టినంత మాత్రాన ఏమీ ఖాయం కాదు. శుక్రవారం రాత్రి 9 తర్వాత హోటల్‌కి నేరుగా ఫోన్ చేయడం దానికన్నా నయం. ఆ వేళకి రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకి ఆ రాత్రి ఎన్ని గదులు మిగిలాయో తెలిసిపోతుంది. అవకాశం కూడా పేటని బట్టి మారుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి హోటళ్లు కంపెనీల పని మీద వచ్చేవాళ్లతో సోమవారం నుంచి గురువారం దాకా నిండి, శుక్రవారానికి పలచబడతాయి. లక్డీకాపూల్, రెడ్‌హిల్స్ వైపు నిమ్స్, నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రులకి వచ్చిన రోగుల బంధువులు దిగుతారు. వాళ్లకి శుక్రవారం, మంగళవారం అన్న తేడా ఉండదు.

శుక్రవారం రాత్రికి కూడా కలిపి రెండు రాత్రులు బుక్ చేసుకోవడం ఖరీదైన దారే అయినా ఖాయమైనది. దీనిలో ఒక మెలిక ఉంది. శుక్రవారం రాత్రి ఎవరూ రాకపోతే హోటల్ సాఫ్ట్‌వేర్‌లో ‘నో షో’ అని పడి, రెండో రాత్రి బుకింగ్ కూడా రద్దు కావచ్చు. ‘శుక్రవారం రాత్రికి అద్దె కడుతున్నాం, మనుషులం మాత్రం శనివారం ఉదయం 6కి వస్తాం’ అని ముందే చెప్పి, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో సరేననిపించుకోవాలి.

అన్నిటికన్నా చవకైనది స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్. కన్ఫర్మ్ అయిన టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీ సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. రెండు మూడు గంటల్లో స్నానాలు ముగించుకుని, లగేజీ హోటల్ రిసెప్షన్‌లో పడేసి, టిఫిన్ తిని ఊరు చూడ్డానికి వెళ్లిపోవచ్చు. సికింద్రాబాద్ స్టేషన్‌ని కూల్చి కొత్తగా కడుతున్నారు కనుక అక్కడి ఏర్పాట్ల మీద భరోసా పెట్టుకోకుండా ముందు చూసుకోవాలి.

ఏ స్టేషన్‌లో దిగుతున్నారో కూడా టికెట్ మీద మరోసారి చదవాలి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్ పనుల వల్ల కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. చర్లపల్లి నగరానికి తూర్పు అంచు. మెట్రో లేదు, ఉప్పల్ దాకా ఆటోలోనో బస్సులోనో వచ్చి అక్కడ బ్లూ లైన్ ఎక్కాలి. ‘సికింద్రాబాద్ స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక’ అని మురిసి తీసుకున్న గది చర్లపల్లిలో దిగినవాళ్లకి ఎందుకూ కొరగాదు. దీనికి పూర్తి ఎదురు దిక్కు లింగంపల్లి. అక్కడ ఆగే రైళ్లలో వచ్చేవాళ్లకి మాత్రం కొండాపూర్, మాదాపూర్ దగ్గర.

మ్యాప్ మీద కిలోమీటర్లు, రోడ్డు మీద గంటలు

మొదటిసారి వచ్చేవాళ్లు చూడాలనుకునేవి ఊళ్లో నాలుగు దిక్కులా ఉన్నాయి. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం పాతబస్తీలో. బిర్లా మందిర్, ప్లానెటేరియం, హుస్సేన్‌సాగర్, లుంబినీ పార్కు నడిమధ్యన. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, ఇంకా పైకి వెళ్తే శిల్పారామం, దుర్గం చెరువు తీగల వంతెన పడమర. రామోజీ ఫిల్మ్ సిటీ తూర్పున, ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి మీద. రెండు రోజుల్లో నాలుగు దిక్కులూ తిరగడం కుదిరే పని కాదు. హోటల్ ఎంచుకునేముందు ఏ దిక్కు వదులుకుంటారో తేల్చుకోవాలి.

ఊరు చూడ్డమే పనైతే నాంపల్లి, ఆబిడ్స్, లక్డీకాపూల్, ఖైరతాబాద్ పట్టీ మిగతా అన్నిటికన్నా నయం. గదులు పాతవి, వీధులు ఇరుకు, ఫోటోల్లో మెరవవు. అయినా బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ రెండు మూడు కిలోమీటర్లలో ఉంటాయి. నాంపల్లి నుంచి చార్మినార్ సుమారు 4 కిలోమీటర్లు. మియాపూర్ – ఎల్బీనగర్ రెడ్ లైన్ మెట్రో ఈ పట్టీ మీదుగానే పోతుంది. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్టాండు) మెట్రో స్టేషన్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం కిలోమీటరు దూరం, చార్మినార్ సుమారు రెండు. పాతబస్తీలోకి మెట్రో ఇంకా వెళ్లదు. గోల్కొండకీ, జూకీ, శంషాబాద్ విమానాశ్రయానికీ కూడా లేదు. ‘మెట్రో పక్కనే’ అన్న ప్రకటన చూసినప్పుడు ఆ మెట్రో ఎక్కడికి తీసుకుపోదో కూడా గుర్తుంచుకోవాలి.

మాదాపూర్, గచ్చిబౌలిలో అదే డబ్బుకి కొత్త గది, పెద్ద లిఫ్టు, శుభ్రమైన బాత్రూమ్ దొరుకుతాయి. వారాంతంలో ధర కూడా తగ్గుతుంది. అందుకే మోజు. కానీ అక్కడి నుంచి చార్మినార్ 20 కిలోమీటర్లకి అటూ ఇటూ. మెట్రోలో అయితే రాయదుర్గం నుంచి అమీర్‌పేట, అక్కడ లైన్ మారి ఎంజీబీఎస్, అక్కడి నుంచి ఆటో. నాయనమ్మతో, నాలుగేళ్ల పిల్లవాడితో గంటన్నర వేసుకోవాలి. రానూ పోనూ మూడు గంటలు. 39 గంటల్లో నిద్ర, స్నానాలు, తిండి పోగా తిరగడానికి మిగిలేది పదహారు, పదిహేడు గంటలు. వాటిలో మూడు గంటలు ఒక్క చార్మినార్ ప్రయాణానికే పోతే ఆ మెరిసే గది నిజానికి ఖరీదైనదే. గోల్కొండ, శిల్పారామం, షాపింగ్ మాల్స్ చాలనుకునేవాళ్లకి ఈ లెక్క వర్తించదు. అమెరికా వీసా ఇంటర్వ్యూ కోసం వచ్చే తల్లిదండ్రులకీ అంతే. కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది కాబట్టి వాళ్లు దిగాల్సింది ఆ చుట్టుపక్కలే.

పేట పేర్లతో మోసం కూడా పడమట వైపే ఎక్కువ. ‘హైటెక్ సిటీ’ అన్న పేరు కొండాపూర్ లోపలి గల్లీల దాకా, కొత్తగూడ దాకా సాగుతుంది. హోటల్ పేరు పక్కన ఉన్న పేట పేరుని నమ్మకుండా మ్యాప్‌లో పిన్ ఎక్కడుందో చూడాలి. దారి వెతికేటప్పుడు ‘ఇప్పుడు’ అని కాకుండా బయల్దేరే సమయం శనివారం సాయంత్రం 6 గంటలు అని పెట్టి చూస్తే అసలు బండారం బయటపడుతుంది. కారులో వచ్చేవాళ్లు యూ టర్న్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. సిగ్నళ్లు తీసేసి యూ టర్న్‌లు పెట్టిన రోడ్ల మీద ఎదురుగా కనిపించే హోటల్‌కి చేరడానికి కిలోమీటరు చుట్టు తిరగాల్సి రావచ్చు. నడిచి వెళ్లేవాళ్లకి మెట్రో స్టేషనే రోడ్డు దాటే వంతెన, దానికి లిఫ్టు కూడా ఉంటుంది. పెద్దవాళ్లున్న కుటుంబానికి ఇది చిన్న సదుపాయం కాదు.

ఇక ఫిల్మ్ సిటీ. దానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూర్తి రోజు పడుతుంది, ఆ రోజు ఇంకేదీ పెట్టుకోకూడదు. మాదాపూర్‌లో దిగి అక్కడికి పోవడమంటే ఊరంతా అడ్డంగా దాటడం. రైల్లో వచ్చేవాళ్లు ఆ ముందు రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఉంటే ఉదయం ఊరి ట్రాఫిక్ తగలదు. విజయవాడ వైపు నుంచి సొంత కారులో వచ్చేవాళ్లకి ఫిల్మ్ సిటీ హైదరాబాద్‌లోకి అడుగుపెట్టకముందే తగులుతుంది. కాబట్టి మొదటి రోజో చివరి రోజో దారిలోనే చూసేసుకుంటే, ఊళ్లో హోటల్‌ని మిగతా వాటికి దగ్గరగా ఎంచుకోవచ్చు. చాలామంది ఊళ్లోకి వచ్చేసి, మర్నాడు మళ్లీ అదే దారిన వెనక్కి వెళ్తారు.

వారాంతం కాకుండా మరో రోజు కలిసేలా వచ్చేవాళ్లకి ఒక్క మాట: సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ శుక్రవారం మూసి ఉంటాయి, జూ సోమవారం. ఆ రోజుకి ఆ పక్కన గది తీసుకోవడం దండగ.

ఐదుగురికి ఒక గదా, రెండా?

డబుల్ రూమ్ అంటే ఇద్దరు పెద్దలు. ఐదారేళ్ల లోపు పిల్లలు తల్లిదండ్రుల పక్కలో పడుకుంటే చాలాచోట్ల ఉచితం. ఆపైన పన్నెండేళ్ల దాకా కొంత, పన్నెండు దాటితే పెద్దల లెక్క. ఈ వయసులు హోటల్‌కో రకం. యాప్‌లో పిల్లల వయసులు సరిగ్గా వేయకుండా ‘ఇద్దరు పెద్దలు’ అని బుక్ చేసి వెళ్తే మిగతా ముగ్గురికీ అక్కడికక్కడ వేసే రేటు బుకింగ్ రేటుకన్నా ఎక్కువే ఉంటుంది. గదిలో ముగ్గురికి మించి ఉండనివ్వం అంటే మొదటికే మోసం.

ఎక్స్‌ట్రా బెడ్ అన్న మాట వింటే మంచం గుర్తొస్తుంది. చాలాచోట్ల వచ్చేది మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు పరుపు, నేల మీద వేయడానికి. 150 చదరపు అడుగుల గదిలో పెద్ద మంచమే 40 తింటుంది. బల్ల, బీరువా, కుర్చీ, ఐదుగురి లగేజీ పోగా ఆ పరుపు పట్టేది మంచానికీ బాత్రూమ్ తలుపుకీ మధ్యన. నాయనమ్మ నేల మీద పడుకోలేదు, పిల్లలు పడుకుంటే రాత్రి ఆమె లేచి వాళ్లని దాటుకుని వెళ్లాలి. గది ఎన్ని చదరపు అడుగులో అడిగి తెలుసుకోవాలి. పరుపు వేయాలంటే 200 అయినా ఉండాలి, అదీ బాత్రూమ్ కాకుండా.

ఐదుగురికైతే ఒక పెద్ద ఫ్యామిలీ రూమ్‌కన్నా రెండు మామూలు గదులు మేలు. కారణం మంచాలు కాదు, బాత్రూమ్. మనిషికి 18 నిమిషాల చొప్పున ఐదుగురికి గంటన్నర. రెండు బాత్రూమ్‌లుంటే గంటలోపే తెమిలిపోతుంది. ఎనిమిదికి బయల్దేరాలనుకున్న కుటుంబం తొమ్మిదికి గానీ కదలకపోవడం వెనక ఎవరి బద్ధకమూ ఉండదు, ఒక్క బాత్రూమే ఉంటుంది. నలుగురైతే, పిల్లలు చిన్నవాళ్లైతే ఒక గది చాలు. రెండు గదులు తీసుకునేటప్పుడు మధ్యలో తలుపు ఉన్నవా, పక్కపక్కనున్నవా, వేర్వేరు అంతస్తులవా అన్నది ముందే తేల్చుకోవాలి. మధ్యలో తలుపున్న గదులు ఒక హోటల్‌లో రెండు మూడు జతలకి మించి ఉండవు, అవి కావాలంటే పేరు పెట్టి అడిగి రాయించుకోవాలి.

వేడినీళ్ల లెక్క కూడా ఇక్కడే వస్తుంది. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకి కాగాక చన్నీళ్లు కలిపి స్నానానికి తగిన 40 డిగ్రీలకి తెస్తే సుమారు 35 లీటర్లు అవుతాయి, అంటే రెండు బకెట్లకి తక్కువ. 25 లీటర్లదైతే 58 లీటర్లు, మూడు బకెట్లు. మళ్లీ కాగడానికి మొదటిదానికి ఇరవై నిమిషాలు, రెండోదానికి అరగంట. షవర్ కింద నిలబడితే ఆ 35 లీటర్లు నాలుగైదు నిమిషాల్లో ఖాళీ. గోడకి చిన్న 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ ఉంటే నీళ్లు అయిపోవు గానీ ధార సన్నగా వస్తుంది, బకెట్ నిండడానికి ఆరేడు నిమిషాలు. మేడ మీది సోలార్ నుంచో బాయిలర్ నుంచో నీళ్లిచ్చే చోట్ల ‘ఉదయం 6 నుంచి 9 దాకా’ అన్న షరతు ఉంటుంది. తెల్లవారుజామున దిగేవాళ్లకి ఇది గది అద్దెకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. ఐదుగురు ఒకే 15 లీటర్ల గీజర్ మీద ఆధారపడితే ఆఖరివాళ్లు చన్నీళ్లు పోసుకోవడం ఖాయం.

నాయనమ్మ కోసం చూడాల్సినవి వేరు. నగరంలో చాలా హోటళ్ల కింది అంతస్తులో షాపులో రెస్టారెంటో ఉండి, రిసెప్షన్ మొదటి అంతస్తులో ఉంటుంది. ‘లిఫ్టు ఉంది’ అనేది నిజమే, కానీ అది పది మెట్లెక్కాక మొదలవుతుంది. ‘రోడ్డు మీద నుంచి గది దాకా ఒక్క మెట్టైనా ఎక్కాలా?’ అని అడిగితే సరైన జవాబొస్తుంది. బాత్రూమ్ గడప ఎత్తు, వెస్టర్న్ కమోడ్, పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉన్నాయో లేదో చూపించే ఫోటో వాట్సాప్‌లో పంపమంటే మంచి హోటల్ ఏదీ కాదనదు. గోల్కొండ పైదాకా మూడొందలకి పైగా మెట్లు, చార్మినార్ పైకి 149. పిల్లలు ఎక్కుతుంటే ఆమె హోటల్‌లో ఉండిపోవాలనుకోవచ్చు కాబట్టి, ఆదివారం ఆ వేళకి గది చేతిలో ఉంటుందా అన్నదీ చూసుకోవాలి.

కిటికీ ఉందని చెప్పిన గదుల్లో కొన్నిటికి అది గాలిబావిలోకి తెరుచుకుంటుంది. హోటల్ పెట్టిన ప్రతి ఫోటోలోనూ తెర వేసే ఉంటే ఆ తెర వెనక గోడ ఉందని అనుమానించొచ్చు. ముక్కిన వాసన కొట్టే గదులు చాలావరకు ఇవే.

చప్పుడు విషయంలో రోడ్డుకన్నా పెద్ద శత్రువు అదే భవనంలోని ఫంక్షన్ హాల్. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల్లో కింద పెళ్లి జరుగుతుంటే మూడో అంతస్తు దాకా అద్దాలు అదురుతాయి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వేయకూడదన్న నిబంధన ఉంది. బరాత్ గేటు దాకా వచ్చేది మాత్రం కొన్నిసార్లు ఆ తర్వాతే. ‘శనివారం హాల్ బుక్ అయిందా?’ అని అడిగితే రిసెప్షన్ రిజిస్టర్ చూసి చెప్పగలరు. అయ్యిందంటే హాల్‌కి కనీసం రెండంతస్తులు పైన, జనరేటర్‌కి దూరంగా, వెనక వైపు గది ఇమ్మనాలి.

ధరలో దాగి ఉన్నవి

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి రూ.7,500 దాకా ఉన్న గదులకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. పన్ను వసూలు చేసే అసలు ధర మీద పడుతుంది. రూ.7,400 గదికి పన్నుతో కలిపి రూ.7,770. రూ.7,600 గదికి రూ.8,968. రూ.200 తేడా రూ.1,198గా మారింది. ఆ అంచున ఉన్నప్పుడు వంద రూపాయల బేరం కూడా వెయ్యి మిగులుస్తుంది. గదుల ధర రూ.7,500 దాటే హోటళ్ల రెస్టారెంట్లలో భోజనం మీద కూడా 18 శాతం పడుతుంది, బయట 5. యాప్ మొదట చూపించే ధరలో పన్ను కలవదు, పోల్చేటప్పుడు ఆఖరి పేజీలోని అంకెల్నే పోల్చాలి. బిల్లులో సర్వీస్ ఛార్జ్ తమంత తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమని అడిగే హక్కు ఉంది.

రేట్ల పక్కన కనిపించే ఈపీ అంటే గది మాత్రమే, సీపీ అంటే ఉదయం టిఫిన్‌తో, ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. సీపీలో ఒక తిరకాసు ఉంది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం 11 దాకా బుక్ చేసిన గదికి వచ్చేది ఆదివారం టిఫిన్ ఒక్కటే. ఉదయం 6కే గది ఇచ్చినా శనివారం టిఫిన్‌కి వేరే కట్టాలి. ఆదివారం ఫిల్మ్ సిటీకి ఏడున్నరకి బయల్దేరితే, బఫే మొదలయ్యేది కూడా ఏడున్నరకే అయితే అదీ పోయినట్టే. రాత్రే చెబితే కొన్నిచోట్ల పొట్లం కట్టిస్తారు. బయట ఇడ్లీ, దోశ దొరికే ఆబిడ్స్, నారాయణగూడ లాంటి చోట్ల ఈపీ తీసుకోవడమే లాభం. నాయనమ్మ శనివారం రాత్రి అన్నం మానేసి టిఫిన్ మాత్రమే చేసే మనిషైతే హోటల్ కిచెన్‌లో ఆ వేళకి టిఫిన్ ఉంటుందా, ఎన్నింటికి మూస్తారు అని అడగడం మరవకూడదు.

రద్దు షరతుని రైలు టికెట్‌తో కలిపి చదవాలి. ‘చెకిన్‌కి 24 గంటల ముందు దాకా ఉచిత రద్దు’ అంటే శనివారం 12కి చెకిన్ అయినవాళ్లకి గడువు శుక్రవారం మధ్యాహ్నం 12. వెయిటింగ్ లిస్ట్ టికెట్ తేలేది చార్ట్ తయారయ్యాక. రాత్రి రైలుకి అది శుక్రవారం గడువు దగ్గరపడ్డాకో దాటాకో గానీ రాకపోవచ్చు. బెర్త్ ఖాయం కాలేదని తెలిసేసరికి హోటల్ డబ్బు వెనక్కి రాదు. టికెట్ కన్ఫర్మ్ కాని కుటుంబం వంద రెండొందలు ఎక్కువైనా ‘హోటల్‌లో చెల్లింపు’ రేటుకి పోవడం మంచిది. అయితే డబ్బు కట్టని బుకింగ్‌ని రద్దీ రోజున హోటల్ వేరేవాళ్లకి ఇచ్చేయడం కూడా మామూలే, కాబట్టి ముందురోజు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాలి.

ఆ ఫోన్ నంబర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. వెతికితే వచ్చే నంబర్లలో దొంగవి ఉంటాయి. బుకింగ్ పత్రంలో ఉన్న నంబర్‌కో హోటల్ సొంత సైట్‌లోని నంబర్‌కో చేయాలి. అడ్వాన్స్ ఎవరిదో వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి వేయమంటే ఆగిపోవాలి. పొరపాటున వేస్తే వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి, మొదటి గంటల్లోనే డబ్బు ఆపడానికి వీలుంటుంది.

రివ్యూల్లో సగటు మార్కులకి విలువ తక్కువ. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత మూడు నెలలవి, అందులోనూ తక్కువ మార్కులిచ్చినవి చదివి, ‘వాసన’, ‘నీళ్లు’, ‘లిఫ్టు’, ‘చప్పుడు’ ఎన్నిసార్లు వచ్చాయో చూడాలి. ఒకే ఫిర్యాదు ముగ్గురు చేస్తే అది నిజం. యాప్‌లు వేసే నక్షత్రాలు పర్యాటక శాఖ ఇచ్చే స్టార్ హోదాతో ఒకటి కావు.

తేదీలు కూడా ధరని ఊపుతాయి. నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్) జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, సాయంత్రాలు ఆ రోడ్లు కదలవు. వినాయక నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ చుట్టూ దారులు మూస్తారు, హోటల్ దాకా కారు రాకపోవచ్చు. హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో పెద్ద ప్రదర్శన ఉంటే మాదాపూర్‌లో వారాంతపు తగ్గింపు ఉండదు.

గుర్తింపు కార్డు పెద్దలందరికీ కావాలి, ఒక్కరిది చాలదు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు వెంట ఉంచుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన మనవలు విదేశీ పాస్‌పోర్టు మీద ఉంటే పాస్‌పోర్టు తప్పనిసరి. వాళ్ల వివరాలు హోటల్ 24 గంటల్లో అధికారులకి ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు గది ఇవ్వవు, ముందే చెప్పి అడగాలి.

చివరి పది గంటలు

ఆదివారం 11కి గది వదిలాక లగేజీ రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు, సాధారణంగా ఉచితమే. సంచులు లెక్కపెట్టి చీటీ రాయించుకోవాలి, నగలు, ల్యాప్‌టాప్ అక్కడ ఉంచకూడదు. స్టేషన్ క్లోక్‌రూమ్ వాడుకునేవాళ్లకి తాళం వేసిన సంచులే తీసుకుంటారు, జిప్‌కి తాళం పెట్టడానికి వీల్లేని బ్యాగులు తిప్పి పంపిస్తారు. రెండు గదులు తీసుకున్నవాళ్లు ఒకటి ఖాళీ చేసి, మరొకటి సాయంత్రం 6 దాకా సగం అద్దెకి అడిగితే రైలెక్కేముందు స్నానాలు చేయొచ్చు, నాయనమ్మకి మధ్యాహ్నం నిద్ర కూడా. ఆదివారం సాయంత్రానికి మరో అతిథి రావడం తక్కువ కాబట్టి హోటల్ కూడా ఒప్పుకుంటుంది. శనివారం రాత్రే అడిగి పెట్టుకోవాలి.

ఆదివారం తిరిగేవి హోటల్‌కీ స్టేషన్‌కీ మధ్యలో ఉండాలి. నాంపల్లిలో దిగినవాళ్లు శనివారం గోల్కొండ, ఆదివారం ఉదయం సాలార్‌జంగ్, మధ్యాహ్నం బిర్లా మందిర్ పెట్టుకుంటే సాయంత్రానికి లగేజీ దగ్గరే ఉంటారు. రాత్రి 9 రైలు నాంపల్లిలోనో సికింద్రాబాద్‌లోనో అయితే ఏడున్నరకి హోటల్ వదిలితే చాలు. చర్లపల్లి అయితే ఆరున్నరకే ఆటో గేటు ముందు ఉండాలి, ఆదివారం సాయంత్రం ఉప్పల్ రోడ్డు మీద ఆ గంట ఊరికే పోదు.